మార్కా ఎవరి సొత్తు? కృతిభర్తలూ, కృతికర్తలూ

1

సరుకు మనసు దోచేదిగా వుండాలి. సంస్థ పగ్గాలు సాహసవంతుడి చేతిలో వుండాలి. ఈ రెండూ కలిస్తే గొప్ప మార్కా పుడుతుంది. వాణిజ్యశాస్త్రం పేరుతో మన కళాశాలల్లో ఇప్పుడు వినిపిస్తున్న సిద్ధాంతం ఇదీ. మార్కా అనే పాత మాట మోటుగా వుందని దాన్ని బ్రాండ్ అంటున్నారు. సబ్బునుంచి కారుదాకా, తలనొప్పి మందునుంచి లారీదాకా ప్రతి పేరు వెనకా ఒక మహాపురుషుడు వున్నాడనీ, ఆయన కల గన్నాడనీ, లోకం ఎగతాళి చేసినా వెనక్కి తగ్గలేదనీ, చివరికి గెలిచాడనీ విద్యార్థులకు నేర్పుతున్నారు. పరీక్షల్లో అదే రాయించి మార్కులు వేస్తున్నారు.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్లకు ఈ కథ కొత్తది కాదు. ఇది ప్రబంధం. ధీరోదాత్తుడైన నాయకుడు వున్నాడు. చూపరుల మనసు దోచే నాయిక వుంది. ఆ నాయిక పేరు సరుకు. అష్టాదశ వర్ణనలకూ లోటులేదు: బాల్యంలో పేదరికం, బ్యాంకు గుమ్మంలో తిరస్కారం, అర్ధరాత్రి తట్టిన ఆలోచన, భాగస్వామి ద్రోహం, చివరకు విజయయాత్ర. లేనిదల్లా ఒక్కటే. ఆ సరుకు తయారుచేసిన మనిషి ఈ ప్రబంధంలో ఎక్కడా కనిపించడు.

మన పాత ప్రబంధాలు ఈ విషయంలో కొంత నిజాయితీగానే వున్నాయి. పెద్దన మనుచరిత్రను కృష్ణదేవరాయలకు అంకితమిచ్చాడు. రాయలు కృతిభర్త అయ్యాడు. అయినా మనుచరిత్ర రాసింది రాయలేనని ఎవరూ అనలేదు. కృతిభర్తకు కీర్తి దక్కేది గాని కర్తృత్వం దక్కేది కాదు. కవి పేరు కావ్యంలో ప్రతి ఆశ్వాసం చివరా వుండేది. ఈ కాలపు మార్కా ప్రబంధంలో ఆ పాటి మర్యాద కూడా లేదు. అంకితం పుచ్చుకున్న వాడే కావ్యం రాశాడంటున్నారు. కృతికర్త పేరు గద్యలో సైతం లేదు.

ఈ వ్యాసం అడిగే ప్రశ్న అదే. ఒక మార్కాకు కృతికర్త ఎవరు?

2

ముందు మన పక్షంలోనే తరుచుగా వినిపించే ఒక తేలిక జవాబును పక్కన పెట్టాలి. మార్కా అంటే వట్టి మాయ, ప్రకటనలతో జనాన్ని మోసగించడమే దాని పని అని మనవాళ్లు కొందరు కొట్టిపారేస్తారు. ఈ మాట వినడానికి తీవ్రంగా వుంటుంది; లోపల మాత్రం జనం బుద్ధిహీనులన్న అభిప్రాయం దాక్కొని వుంది. ఆ అభిప్రాయం మనది కాకూడదు.

విజయవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో ఒక పూట తిరిగితే ఈ సంగతి తేలిపోతుంది. దుకాణం ముందు నిలబడి ఫలానా మార్కా పసుపు, ఫలానా మార్కా నూనె అని అడుగుతున్న స్త్రీ మాయలో పడిన మనిషి కాదు. పోయినసారి వేరేది కొని నష్టపోయిన మనిషి. విడిగా అమ్మే కారంలో ఇటుకపొడి, పప్పులో రాళ్లు, నూనెలో మరో నూనె కలిసిన రోజులు మన ఇళ్లలో పెద్దవాళ్లకు బాగా గుర్తు. అలాంటి బజారులో చదువురాని వాళ్లకు సైతం పోల్చుకోవడానికి వీలైన ఒక గుర్తు అవసరమయింది. అందుకే పాత మార్కాలు పేర్లకన్నా బొమ్మలుగా ఎక్కువ చలామణీ అయినాయి: పులి మార్కా, ఏనుగు మార్కా, గడియారం మార్కా. అక్షరం రాని చేయి ఆ బొమ్మను చూపించి, ఇదే ఇవ్వమని అడిగేది.

కాబట్టి మార్కాకు మూలం మాయ కాదు, నమ్మకం. పదిమంది కొని, వాడి, బాగుందని పదకొండో మనిషికి చెప్పగా కూడబెట్టిన నమ్మకం అది. దాన్ని నిలబెట్టింది ఎవరు? ఏ రోజూ తూకం తప్పకుండా, పాళ్లు తప్పకుండా సరుకు తయారుచేసిన కార్మికులు. దాన్ని చెడిపోకుండా మోసి, బండికెత్తి, దింపిన ముఠా కార్మికులు. వాడి చూసి నలుగురికీ చెప్పిన గృహిణులు. ఇది సామూహికమైన ఆస్తి. వన్ టౌన్ గోడౌన్లలో బస్తాల మీదా పెట్టెల మీదా కనిపించే ప్రతి మార్కా ఇలాంటి వేలమంది ఉమ్మడి సంతకం.

చట్టం మాత్రం దీన్ని ఉమ్మడి ఆస్తిగా చూడదు. మన దేశంలో వ్యాపార చిహ్నాలకు 1940లో మొదటి చట్టం వచ్చింది. ఇప్పుడు అమలులో వున్నది 1999 నాటిది. ఈ చట్టం ప్రకారం మార్కాను నమోదు చేయించుకున్నవాడే దానికి యజమాని. అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు, వారసులకు రాయవచ్చు. నకిలీ మార్కాలనుంచి కొనేవాణ్ణి కాపాడడం ఈ చట్టంలోని మంచి. ఆ మంచిని కాదనం. కాని జనం కూడబెట్టిన నమ్మకం ఏ క్షణంలో ఒక వ్యక్తి సొత్తు అయిందో అడగడానికి ఈ చట్టంలో చోటు లేదు. సాహసవంతుడైన నాయకుడి కథ పుట్టేది సరిగ్గా ఇక్కడ. ఉమ్మడి ఆస్తిని ఒకరి పేర రాయడానికి దస్తావేజు కావాలి గదా. ఆ కథే దస్తావేజు.

3

దీనికి వాళ్లు ఒక బలమైన ఉదాహరణ చూపిస్తారు. తప్పించుకోకుండా దాన్నే ముందు తీసుకుందాం.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టారు. కార్ల్ మార్క్స్ పెట్టుబడి మొదటి సంపుటం అచ్చయిన సంవత్సరం కూడా అదే కావడం కాకతాళీయం. సరుకుకు తనంతట తనకే ఏదో మహిమ వున్నట్టు మనుషులకు తోచడాన్ని గురించి మార్క్సు ఆ గ్రంథంలో వివరించాడు. పంతులుగారు బొంబాయిలో 1893లో అమృతాంజనం ప్రారంభించారు. తెలుగువాళ్లు దేశమంతటా నిలబెట్టిన మార్కాల్లో దానికున్న స్థానం అందరికీ తెలిసిందే. సంగీత సభల్లో డబ్బాలు ఉచితంగా పంచిపెట్టి ఆయన దాన్ని ప్రచారం చేశారని చెబుతారు. నచ్చే సరుకు, సాహసవంతుడైన నాయకుడు: రెండూ కుదిరాయి గదా అని సిద్ధాంతులు మురిసిపోతారు.

పంతులుగారి సాహసాన్ని తగ్గించి చెప్పడం మా ఉద్దేశం కాదు. కాని ఆ సాహసం ఏ నేల మీద నిలబడిందో చూడాలి. బొంబాయి అప్పటికే బట్టల మిల్లుల నగరం, రేవు నగరం. తెలుగు సాలెవాళ్లు, కూలీలు బతుకుతెరువు కోసం వెళ్లి చేరుతున్న నగరం. మగ్గాల హోరులో, పత్తి ధూళిలో పదేసి గంటలు నిలబడి పనిచేసిన తలలకు నొప్పి వుంది. పని మానుకొని పడుకునే తీరిక లేదు. వైద్యుడికివ్వడానికి డబ్బు లేదు. అణాల్లో దొరికే ఒక డబ్బా కావలసివచ్చింది. ఆ డబ్బాలోకి వెళ్లిన కర్పూరాది ద్రవ్యాల గుణం ఒక వ్యక్తి కనిపెట్టింది కాదు. తరతరాల వైద్యుల అనుభవం. ఊరూరికీ దాన్ని చేర్చింది రైలూ తపాలా. ఇక 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలోనూ మన బెజవాడలోనూ బందరులోనూ ఉపన్యసించిన వందేమాతరం ఉద్యమం రోజుల్లో, విదేశీ సరుకు మానుకొని స్వదేశీ సరుకు కొనాలన్న కోరిక ఆంధ్రదేశమంతటా రగిలింది. ఆ కోరికను రగిలించినవాడు వ్యాపారి కాదు. సభలకు వెళ్లి, లాఠీలు తిని, బడులు మానుకొన్న విద్యార్థులు రగిలించారు. సరుకు నచ్చడం అనేదానికి ఇంత చరిత్ర వుంది. ఆ చరిత్రనంతా తుడిచేసి, డబ్బామీది పేరును ఒక్క మనిషి తెలివికి ముడిపెట్టడం శాస్త్రం కాదు, స్తోత్రం.

పంతులుగారి అసలు సాహసం మరొకచోట వుంది. ఆ లాభాన్ని ఆయన ఏం చేశారన్నది చూడండి. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టారు. 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. 1924లో భారతిని స్థాపించారు. ఆంధ్ర గ్రంథమాలను నడిపారు. తెలుగువాళ్ల తలనొప్పులమీద వచ్చిన డబ్బు చాలావరకు తెలుగు భాషకే తిరిగివచ్చింది. తన మార్కా తన ఒక్కడిదే కాదని ఆయన మాటల్లో ఒప్పుకున్నారో లేదో గాని, చేతల్లో ఒప్పుకున్నారు. జనం ఆయనకు దేశోద్ధారకుడనే బిరుదు ఇచ్చింది అందుకు. డబ్బా పసుపు రంగులో వున్నందుకు కాదు.

అయితే ఇక్కడ ఆగిపోతే మనం కూడా స్తోత్రపాఠకులమే అవుతాం. ఆ తిరిగివచ్చిన డబ్బు దానం. హక్కు కాదు. యజమాని దేశభక్తుడైతే పత్రిక పుడుతుంది. కాకపోతే మేడ పుడుతుంది. పంతులుగారు 1938లో కన్నుమూశారు. ఒక మంచి మనిషి ప్రాణంతో ముడిపడిన న్యాయం ఆ మనిషి తరువాత ఎవరిని అడిగి బతకాలి? ఈ ప్రశ్నకు నాయకుడి సిద్ధాంతం దగ్గర సమాధానం లేదు.

4

ఇప్పుడు కార్ల సంగతికి వద్దాం. ఈ సిద్ధాంతం తన గొప్పంతా చూపించుకొనేది అక్కడేనంటారు.

రతన్ టాటా 2008 జనవరి 10న ఢిల్లీ ప్రదర్శనలో నానో కారును ఆవిష్కరించారు. లక్ష రూపాయల కారు. భార్యాపిల్లలను స్కూటరు మీద ఎక్కించుకొని వానలో వెళ్లే కుటుంబాన్ని చూసి ఈ ఆలోచన వచ్చిందని ఆయన చెప్పారు. సాహసం కావాలా? అంతకు మించిన సాహసం ఏ కార్ల కంపెనీ యజమానీ చెయ్యలేదు. కోరదగిన సరుకు కావాలా? లోకంలోకెల్లా చౌకైన కారు. సిద్ధాంతం నిజమైతే ఇది చరిత్రలో ఎదురులేని మార్కా కావాలి. ఏమయింది? అమ్మకాలు ఆశించిన దరిదాపులకు కూడా రాలేదు. 2018లో తయారీ ఆగిపోయింది. చౌక కారు అని ముద్రపడడమే దెబ్బతీసిందని తరువాత రతన్ టాటాయే అన్నారు. ఆయన 2024 అక్టోబరు 9న మరణించారు.

ఈ ఓటమికి సిద్ధాంతులు చెప్పే జవాబు వినదగ్గది: నానో నిజంగా కోరదగిన సరుకు కాలేకపోయింది అంటారు. అంటే గెలిచినదల్లా కోరదగినది, ఓడినదల్లా కోరదగనిది! వాన వెలిసిన తరువాత గొడుగు వేసుకొనే ఈ పద్ధతిని శాస్త్రం అనగలమా?

అసలు కారణాలు సరుకులోనూ లేవు, నాయకుడిలోనూ లేవు, సమాజంలో వున్నాయి. అంతస్తులు మెట్లుమెట్లుగా పేర్చిన సమాజంలో కారు వాహనం మాత్రమే కాదు, మెట్టు కూడా. పేదవాడి కారు అన్న పేరున్న వాహనం ఎక్కితే తాను పేదవాణ్ణని డబ్బిచ్చి చాటుకున్నట్టవుతుంది. అందుకని స్కూటరు మీది కుటుంబం అదే డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ఇంకొంచెం పెద్ద పేరున్న కారు వైపు చూసింది. అంతకన్నా పేద కుటుంబానికి కావలసింది కారే కాదు. శివాలయం వీధిలోనో చిట్టినగర్‌లోనో ఒక ఇరుకు వాటాలో అద్దెకున్నవాడు కారు కొని ఎక్కడ నిలుపుతాడు? అతనికి కావలసింది వేళకు వచ్చే బస్సు. స్కూటరు మీద తడుస్తున్న కుటుంబాన్ని చూసి జాలిపడడం మంచిదే. ఆ జాలి ఎందుకని బస్సుగా మారక కారుగా మారింది? బస్సు మీద యజమాని పేరు వెలగదు గనుక.

ఈ సాహసానికి మూల్యం ఎవరు చెల్లించారో కూడా చెప్పాలి. పశ్చిమ బెంగాలులో సింగూరు దగ్గర సుమారు వెయ్యి ఎకరాలు రైతులనుంచి సేకరించారు. రైతులు తిరగబడగా 2008 అక్టోబరులో కంపెనీ అక్కడినుంచి గుజరాతుకు తరలిపోయింది. ఆ భూసేకరణ చెల్లదని 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సేకరించినది వామపక్ష ప్రభుత్వమే. ఆ సంగతిని మన పత్రికలో దాచవలసిన పనిలేదు. నాయకుడి కథకు లొంగిపోయేవాళ్లు ఎర్రజెండా కిందా వుండవచ్చునని సింగూరు చెప్పింది.

మన రాష్ట్రంలో పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాన్ని తెచ్చింది మా నాయకుడి చొరవ అంటే మా నాయకుడి చొరవ అని రాజకీయ పక్షాలు పోట్లాడుకున్నాయి. భూమి ప్రజలది, రోడ్డు ప్రజలది, కరువు సీమకు తెచ్చిన నీళ్లు ప్రజలవి. ఇన్ని ఇచ్చిన ప్రజలకు ఆ కారులో ఏ వాటా వుందో, ఆ కర్మాగారంలో మన పిల్లలు ఎందరు పర్మినెంటు, ఎందరు కాంట్రాక్టు అన్నది ఆ పోట్లాటలో ఎవరూ లెక్క చెప్పలేదు.

5

నాయకుడు లేని మార్కా బతకదు, ప్రభుత్వరంగమే అందుకు సాక్ష్యం అని మరో వాదం వుంది. హైదరాబాదు ఆల్విన్ సంగతి చూద్దాం.

ఆల్విన్ 1942లో నిజాం ప్రభుత్వ వాటాతో పుట్టింది. తరువాత రాష్ట్ర ప్రభుత్వ సంస్థగా పెరిగింది. బస్సు బాడీలు కట్టింది. ఫ్రిజ్‌లు చేసింది, మన తెలుగు ఇళ్లల్లో చాలామంది మొదటిసారి చల్లటినీళ్లు తాగింది ఆల్విన్ ఫ్రిజ్‌లోనుంచే. 1980వ దశకంలో జపాన్ సీకో సహకారంతో చేతి గడియారాలు, నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో చిన్న లారీలు తయారుచేసింది. పెళ్లిలో అల్లుడికి ఆల్విన్ గడియారం పెట్టిన ఇళ్లు ఎన్నో! ఇది కోరదగిన సరుకు కాదంటారా? మరి ఆ మార్కా వెనక వున్న సాహసవంతుడి పేరు చెప్పండి. చెప్పలేరు, అలాంటి కథ దానికి లేదు. ఫిట్టర్లు, టర్నర్లు, డిజైన్ గీసిన ఇంజనీర్లు కలిసి చేసిన మార్కా అది.

తరువాత ఏమయింది? నష్టాలు వచ్చాయి. యాజమాన్యంలో లోపాలు లేవనం. రాజకీయ నియామకాలతో పాడయిన ప్రభుత్వ సంస్థలు మనకు తెలియనివి కావు. కాని జబ్బుపడ్డవాడికి వైద్యం చేయించలేదు, అవయవాలు పంచుకున్నారు. లారీల విభాగం మహీంద్రాకు పోయింది. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు పోయింది. గడియారాలు ఆగిపోయాయి. 1990వ దశకం సగం దాటేసరికి ఆల్విన్ అనేది హైదరాబాదులో ఒక కాలనీ పేరుగా, ఒక చౌరస్తా పేరుగా మిగిలింది. జహీరాబాదులో ప్రజల డబ్బుతో లేచిన కర్మాగారంలో ఇప్పుడు ప్రైవేటు మార్కా వాహనాలు తయారవుతున్నాయి. యంత్రం ముందు నిలబడేది కార్మికుడే. మారింది కృతిభర్త ఒక్కడే. ఆ కొత్త కృతిభర్త సాహసాన్ని గురించి రాసే ప్రబంధంలో ఆల్విన్ ఫిట్టరుకు ఒక్క వాక్యమైనా దక్కుతుందా?

6

ఇంత దూరం వెళ్లి వచ్చిన తరువాత మన ఊరి గుమ్మం ముందున్నది చూడకపోతే ఈ చర్చకు అర్థం వుండదు.

ఊరి వీధుల్లో చెట్లకింద రిపేర్లు చేసుకొనే మెకానిక్కులు తరలివెళ్లి, 1960వ దశకంలో విజయవాడ శివార్లలో జవహర్ ఆటోనగర్ లేచింది. ఇవాళ వాహనాల పనికి దేశంలోనే పేరెన్నికగన్న చోటు. ఈ ఊరు రవాణాకు కేంద్రం కావడానికి కారణం ఏ ఒక్కరి సాహసమూ కాదు. 1855లో పూర్తయిన కృష్ణ ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి, డెల్టాలో మూడు తరాల రైతుకూలీలు పండించిన ధాన్యం, దాన్ని దేశమంతా మోయవలసిన అవసరం: ఆటోనగర్‌కు మూలపురుషులు వీరు.

ఒక లారీ ఎలా తయారవుతుందో మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? కంపెనీనుంచి వచ్చేది ఇంజనూ చక్రాలూ వున్న చాసిస్. డ్రైవరు తలకు గుడ్డ చుట్టుకొని, ఎండలో, గాలిలో, వట్టి చట్రం మీద కూర్చొని దాన్ని వందల మైళ్లు తోలుకొస్తాడు. ఆటోనగర్‌లో దాన్ని చుట్టుముట్టేవాళ్లు వడ్రంగి, వెల్డరు, టింకరింగు మనిషి, కమాను కట్టల పనివాడు, కరెంటు పనివాడు, సీటు కుట్టేవాడు, పెయింటరు. క్యాబిన్ కడతారు, తొట్టి కడతారు, తలుపులు బిగిస్తారు. అరటి గెలలు మోసే బండికి ఒక తొట్టి, ఇసుక మోసే బండికి మరొకటి, చేపల పెట్టెలు మోసే బండికి ఇంకొకటి. ఏ బరువు ఏ గతుకు మీద ఎలా ఊగుతుందో వాళ్లకు పుస్తకం చూడకుండా తెలుసు. పని అయ్యాక ముందు భాగాన పెద్ద అక్షరాలతో మెరిసేది కంపెనీ మార్కా. వర్క్‌షాపు పేరు ఒక మూల చిన్నగా వుంటే వుంటుంది. వెల్డరు పేరు ఎక్కడా వుండదు. లారీ మన్నితే కంపెనీ గొప్ప. బాడీ ఊడితే బెజవాడ పనితనం తప్పు!

ఇప్పుడు ఆ మూలనున్న చిన్న పేరుకూ చోటు పోతున్నది. క్యాబిన్‌తో సహా, తొట్టితో సహా పూర్తిగా కట్టిన బండిని కంపెనీలే అమ్ముతున్నాయి. బస్సు బాడీలకూ లారీ బాడీలకూ కేంద్రం భద్రతా ప్రమాణాలు పెట్టింది. లారీల క్యాబిన్లలో ఎ.సి. తప్పనిసరి చేస్తూ 2023లో నోటిఫికేషన్ ఇచ్చింది. డ్రైవరు చల్లగా కూర్చోవడం మనం కోరేదే; అగ్గిపెట్టెలాంటి బస్సుల్లో జనం కాలిపోకూడదన్నదీ మనం కోరేదే. ప్రమాణాలను వ్యతిరేకించేవాడు కార్మికుల మిత్రుడు కాడు. కాని ప్రమాణం వేరు, మార్కా వేరు. 2013 అక్టోబరు 30న పాలమూరు జిల్లా పాలెం దగ్గర కాలిపోయి 45 మందిని బలిగొన్నది సందులో కట్టిన బస్సు కాదు, ప్రపంచ ప్రసిద్ధమైన మార్కా బస్సు. ప్రాణాలు కాపాడేది నిర్మాణమూ, తనిఖీ, డ్రైవరు విశ్రాంతీ గాని, ముందు భాగాన మెరిసే పేరు కాదు.

ఐతే ఆ పరీక్షల ఖర్చు, నమూనా ఆమోదం ఖర్చు, కొత్త యంత్రాల ఖర్చు నలుగురు మనుషులు పనిచేసే షెడ్డు ఎలా భరిస్తుంది? పెద్ద కంపెనీకి అది లెక్కలోకి రాని ఖర్చు; షెడ్డుకు అది ఉరితాడు. ప్రమాణం ఇద్దరికీ ఒకటే అయినా దాన్ని అందుకోవడానికి వేసిన నిచ్చెన ఒకరికే వుంది. ఇది పోటీ కాదు. దీనికి సాహసవంతుల విజయం అని పేరుపెట్టి మన తరగతి గదుల్లో పాఠం చెబుతున్నారు. ఆ తరగతి గదుల్లోనే ఆటోనగర్ వెల్డరు కొడుకూ, వన్ టౌన్ ముఠా కార్మికుడి కూతురూ కూర్చొని వున్నారు. తమ తండ్రులకు సాహసం లేక పేదవాళ్లుగా మిగిలారని ఆ పిల్లలు నేర్చుకొని ఇంటికి వెళ్తున్నారు. ఈ సిద్ధాంతం చేసే హాని అన్నిటిలోకీ మాకు ఘోరంగా తోచేది ఇదే.

7

అయితే ఏం చెయ్యాలి?

మార్కా ఒక యజమానిదే కావాలన్న నియమం లేదని చెప్పడానికి మన పక్కనే కొండపల్లి వుంది. కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఏ ఒక్కరిదీ కాదు. ఆ ఊరి పనివాళ్ల ఉమ్మడి పేరు. దాన్ని నిలబెట్టింది తరతరాల చేతులు గాని ఏ ధీరోదాత్తుడూ కాదు. కాని గుర్తింపు పత్రం ఒక్కటే కడుపు నింపలేదన్నదీ అక్కడే తెలుస్తుంది. బొమ్మకు కావలసిన తెల్ల పొణికి కర్ర దొరకడం కష్టమైపోతున్నది. సరుకు అమ్మే దుకాణం వేరేవాళ్ల చేతిలో వుంది. పేరు ఉమ్మడిదైతే చాలదు. ముడిసరుకూ పరికరాలూ అమ్మకమూ కూడా ఉమ్మడివి కావాలి.

ఆటోనగర్‌కు ఈ పాఠం వర్తిస్తుంది. బాడీలు కట్టే షెడ్లు సహకార సంఘంగా కలవాలి. నమూనాలు గీయడానికీ, పరీక్షలు చేయడానికీ ప్రజల డబ్బుతో ఒక ఉమ్మడి కేంద్రాన్ని ఆటోనగర్‌లోనే పెట్టాలి. కార్ల కంపెనీకి భూమీ నీళ్లూ ఇవ్వగలిగిన ప్రభుత్వం ఈ పాటి చెయ్యలేదా? ఆమోదం పొందిన బాడీలన్నిటికీ బెజవాడ పేరుతో ఒకే మార్కా వుండాలి. కట్టిన షెడ్డు పేరు, మేస్త్రి పేరు ప్రతి బండిమీదా స్పష్టంగా చెక్కాలి. తప్పు జరిగితే బాధ్యత తెలుస్తుంది. మంచి జరిగితే కీర్తి దక్కవలసినవాళ్లకు దక్కుతుంది. ఈ కోరికలను కార్మిక సంఘాలు తీసుకోవాలి. షెడ్డు యజమానులు కూడా తీసుకోక తప్పదు. పెద్ద కంపెనీ దెబ్బ వాళ్లకూ తగులుతున్నది.

అధ్యాపకులూ విద్యార్థులూ చెయ్యవలసిన పని ఇంకొకటి వుంది. వాణిజ్యశాస్త్రం చదివే ప్రతి విద్యార్థి ఒక మార్కాను ఎంచుకొని దాని కృతికర్తల చరిత్ర రాయాలి: ముడిసరుకు ఎక్కడిది, ఎవరు చేశారు, ఎవరు మోశారు, కూలి ఎంత, భూమి ఎవరిచ్చారు, అప్పు ఎవరిచ్చారు, లాభం ఎటు పోయింది. దానికి దూరం వెళ్లనక్కరలేదు. ఉదయం పూట వన్ టౌన్ గోడౌన్ల దగ్గర, సాయంత్రం పూట ఆటోనగర్ షెడ్ల దగ్గర నిలబడి అడిగితే చాలు. తెలుగు అధ్యాపకులం మనం ఈ పనిలో పక్కకు తప్పుకోకూడదు. స్తోత్రానికీ చరిత్రకూ తేడా చెప్పడం మన వృత్తి. రాజాశ్రయాన్ని వదులుకొని భాగవతాన్ని రాముడికి అంకితమిచ్చిన పోతనను ప్రతి ఏడూ పాఠం చెబుతూ, కొత్త రాజుల ప్రబంధాలను మన కళాశాలలోనే చదివించడం మనకు తగదు.

నాయకులు అక్కరలేదని మేం అనడం లేదు. మంచి సరుకు అక్కరలేదనీ అనడం లేదు. పనిచేసేవాళ్లకు మంచి సరుకు అవసరం అందరికన్నా ఎక్కువ. చెడ్డది కొని పారేసే స్తోమత వాళ్లకు లేదు. మేం అడిగేది ఒక్కటే. నమ్మకం జనానిది, పని కార్మికులది అయినప్పుడు, పేరూ లాభమూ నిర్ణయాధికారమూ ఒక్కరివే ఎందుకు కావాలి? రాబోయే విద్యా సంవత్సరంలో ఒక్క కళాశాలలోనైనా, ఒక్క తరగతిలోనైనా ఈ ప్రశ్న పరీక్ష పత్రంలో కనిపించేటట్టు చేద్దాం. తరువాతి పని ఆటోనగర్ గేటు దగ్గర వుంది.